దయ్యం నవల ఎందుకు చదువుతాం? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న హనుమకొండలో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాడు. బడి వదలగానే నేను వెళ్ళి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారు, ఎన్ని రోజులకి తెచ్చారు అన్నది నోటుబుక్కులో రాయడం నా పని. ప్రేమ నవల నాలుగు రోజులకి తిరిగొచ్చేది. డిటెక్టివ్ అయితే రెండు రోజులు. దయ్యం నవల మాత్రం మర్నాడు పొద్దున్నే, ఇంకా షట్టరు ఎత్తకముందే వచ్చేసేది. "ఇంట్ల పెట్టుకోబుద్ధి కాలేదు సార్" అనేవాళ్ళు. అదే నోటితో "దీని రెండో భాగం ఉన్నదా?" అని కూడా అడిగేవాళ్ళు.

షాపు ఎప్పుడో మూసేశాం. నేను కాలేజీలో తెలుగు చెప్తున్నాను. ఆ రోజుల్లో నాన్నని అడిగిన ప్రశ్నలే ఇప్పుడు పిల్లలు నన్ను అడుగుతున్నారు, కొన్ని కొత్తవి కలిపి. వేరువేరుగా చెప్పి చెప్పి అలసిపోయి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

డబ్బులిచ్చి భయం కొనుక్కోవడం ఏమిటి? బతుకులో ఉన్న భయాలు చాలవా?

అవి ఎక్కువై పోయినందుకే. ఫీజు కట్టాల్సిన తేదీ, ఇంకా రాని స్కానింగ్ రిపోర్టు, పదకొండు దాటినా బండి చప్పుడు వినపడని రాత్రి. వీటికి ముఖం ఉండదు, ఎప్పుడు అయిపోతాయో తెలియదు. నవలలో భయానికి మొదటి పేజీ ఉంటుంది, ఆఖరి పేజీ ఉంటుంది, వద్దనుకుంటే మూసేసే అట్ట కూడా ఉంటుంది.

ఇంకోటి ఒంటికి సంబంధించినది. భయపడ్డప్పుడు వెంట్రుక మొదట్లో ఉండే సన్నటి కండరం బిగుసుకుంటుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కుక్కని చూసిన పిల్లి ఒళ్ళు పెంచి పెద్దగా కనపడటానికి వాడుకునే ఏర్పాటే ఇది. మనకి ఆ బొచ్చు పోయింది, కండరం మిగిలింది. మంచి పాట విన్నా అదే కండరం బిగుసుకుంటుంది. అందుకే కాబోలు, గగుర్పాటు అనే ఒక్క మాటని తెలుగువాళ్ళు భయానికీ ఆనందానికీ రెండింటికీ వాడుకున్నారు.

భరతుడు ఈ లెక్క ఎప్పుడో తేల్చాడు. నాట్యశాస్త్రంలోని ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. భయం స్థాయీభావం, అంటే మనసులో నిలిచి ఉండే మూలభావం. దాన్ని ఆస్వాదించే స్థితికి తెస్తే భయానకరసం. బీభత్సాన్ని ఆయన పక్కన వేరేగా పెట్టాడు. దానికి మూలం జుగుప్స. నెత్తురు, పేగులు, పురుగులు పట్టిన శవం ఆ ఖాతాలోవి. నాసిరకం హారర్ నవల ఈ రెంటినీ కలిపేసి, మనకి వాంతి వచ్చేలా చేసి భయపెట్టాననుకుంటుంది. మంచి అతీంద్రియ నవల భయానకానికి కాస్త అద్భుతాన్ని కలుపుతుంది. "ఇలా జరగదు కదా" అనే ఆశ్చర్యం ముందు, "జరిగిందే!" అనే వణుకు తర్వాత.

ఇన్ని హారర్ సినిమాలుండగా నవల ఎందుకు?

సినిమా ఉలిక్కిపడేలా చేస్తుంది. ఒక్కసారిగా పెద్ద చప్పుడు పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు, అందులో గొప్ప లేదు. నవల చేసేది వేరు. ఉదాహరణకి ఇప్పుడే అల్లిన నాలుగు వాక్యాలు:

కూరగాయల సంచితో వచ్చి గడప ముందు చెప్పులు విప్పబోతూ ఆమె ఆగింది. అత్తవి, ఆయనవి, ఇద్దరు పిల్లలవి. వాటి పక్కన ఇంకో జత, మడమల దగ్గర అరిగిపోయిన హవాయి చెప్పులు. వాటి మొనలు వీధి వైపు తిరిగి ఉన్నాయి.

దయ్యం అన్న మాటే లేదు. కానీ బయటినుంచి వచ్చినవాళ్ళు విప్పిన చెప్పులు ఇంటి వైపు చూస్తుంటాయని మనందరికీ కళ్ళకి అలవాటు. వీధి వైపు చూస్తున్నాయంటే, ఎవరో లోపలినుంచి వచ్చి అక్కడ విప్పి మళ్ళీ లోపలికే పోయారు. లేదా ఎవర్నో తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు తిరుగు ప్రయాణానికి ముందే తిప్పి పెట్టుకున్నారు. ఆ రెండో అర్థం తట్టినప్పుడు "ఎవర్ని?" అనే ప్రశ్న పుడుతుంది. అంతసేపూ మీరు చూసింది నా కథలోని గడపని కాదు, మీ ఇంటి గడపని. ఈ పని కెమెరాకి కష్టం, అది ఏదో ఒక గడపని చూపించి తీరాలి.

పైగా సినిమా దానంతట అదే నడుస్తుంది. పుస్తకంలో పేజీ తిప్పాల్సింది మీరు. ఆ తలుపు తెరిచే నేరంలో మీకూ వాటా ఉంటుంది.

"ఆధునిక" అంటే కథలో సెల్‌ఫోన్, లిఫ్టు ఉంటే సరిపోతుందా?

సరిపోదు. డ్రాకులా నవల 1897లో వచ్చింది. అందులో టైపురైటరు ఉంది, డైరీని గొంతుతో రికార్డు చేసుకునే ఫోనోగ్రాఫ్ ఉంది, రైళ్ళ వేళలు ఉన్నాయి. మనకి పాతకాలపు కోట గుర్తుండిపోయింది గానీ, ఆనాటి పాఠకులకి అది తమ కాలపు వస్తువుల మధ్యకి వచ్చిపడ్డ పాత భయం. ఏ కాలంలోనైనా జనం దేన్ని నమ్ముకుని నిద్రపోతున్నారో దాంట్లోకి భయం దూరాలి.

ఫోన్ ఉంటే భయం ఎలా పుడుతుందని బెంగపడి చాలామంది "సిగ్నల్ లేదు" అని ఒక్క ముక్క రాసి తప్పించుకుంటారు. బద్ధకం. సిగ్నల్ ఉండనివ్వండి. ఇంట్లో అందరి ఫోన్లలో చనిపోయిన తాతయ్య వాట్సాప్ నంబర్ ఇంకా ఉంది, తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆ నంబర్ డీపీ మారింది. వాడకం ఆగిన నంబర్‌ని కంపెనీలు కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇస్తాయని మనకి తెలుసు. తెలిసినా, ఆ కొత్త ఫొటో మీద నొక్కే ముందు వేలు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి. నవల ఉండేది ఆ క్షణంలోనే.

తెలుగులో ఇది మనదేనా, అరువు తెచ్చుకున్నదా?

శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా శ్మశానం వైపు నడిచే రాజుని చందమామలో చదివి పెరిగిన వాళ్ళం మనం. బేతాళుడు ఉండేది శవంలో. అయినా వాడు మనల్ని భయపెట్టలేదు, చిక్కు ప్రశ్నలు వేశాడు. (ఆ లెక్కన తరచుగా అడిగే ప్రశ్నల పేజీ మొదట నడిపింది వాడే.) దయ్యం మనకి కొత్త కాదు, కొత్తది నవల.

అది జనంలోకి దూసుకుపోయింది 1980ల వారపత్రికల్లో. ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వచ్చింది. చిన్నపిల్ల మీద కాష్మోరా అనే చేతబడి ప్రయోగం. ఆ పేరు కథలోంచి బయటికొచ్చి వాడుకలో తిట్టుగా కూడా స్థిరపడింది. సీరియల్ పేజీలు వారం వారం చించి, వరసలో పేర్చి, బైండింగ్ చేయించి మా షాపుకి అమ్మినవాళ్ళున్నారు. కుట్టు లోపలికి పోయి ప్రతి లైను చివరి అక్షరం సగం కనపడేది కాదు. అలాగే చదివేవాళ్ళు.

అదే నవల మీద రచయిత్రి రంగనాయకమ్మ ''తులసిదళం' కాదు 'గంజాయి దమ్ము'' అని విరుచుకుపడింది. చేతబడిని సైన్సుతో సమానంగా కూర్చోబెట్టి జనాన్ని వెనక్కి లాగుతున్నారన్నది ఆమె కోపం. నేను ఆ నవలని ఒక్క రాత్రిలో చదివినదాన్ని. ఆమె కోపంలో సగం పైన నిజముందని నాకు పెద్దయ్యాక అనిపించింది. కింద మూఢనమ్మకాల ప్రశ్నలో ఆ సంగతికి వస్తాను.

దయ్యం ఉందా లేదా అన్నది చివర్లో తేల్చెయ్యాలా?

మా షాపులో ఒక నవలకి ఆఖరి ఫారం లేదు. ఫారం అంటే పదహారు పేజీలు. బైండింగ్‌లో పోయిందో, ఎవరైనా పీకేశారో తెలియదు. పాత బంగళాలో అద్దెకి దిగిన కొత్త దంపతుల కథ. ఆమెకి మాత్రమే మేడ మీద అడుగుల చప్పుడు వినపడుతుంటుంది. ఆయన చివరికి టార్చి తీసుకుని మెట్లెక్కుతాడు, అక్కడ పుస్తకం అయిపోతుంది.

చదివి తెచ్చినవాళ్ళు నాన్న మీద విరుచుకుపడేవాళ్ళు. ఆ తర్వాత అక్కడే నిలబడి ఏం జరిగి ఉంటుందో వాళ్ళే చెప్పేవాళ్ళు. రైల్వేలో పనిచేసే ఒకాయన, పైన ఎవరూ లేరు, భార్యని పుట్టింటికి తరిమెయ్యడానికి మొగుడే ఆ చప్పుళ్ళు చేయించాడన్నాడు. ఒక టీచరమ్మ ఆయన మాట కొట్టిపారేసి, పైన ఉన్నది ఆయన మొదటి భార్య అంది. మొదటి భార్య సంగతి కథలో ఎక్కడా లేదు. అయినా ఆమె అలా అన్నాక ఆ ముందు పేజీలన్నీ వేరేగా కనపడ్డాయి నాకు. వేరే కాపీ దొరికినా నాన్న కొనలేదు. ఆ తెగిన పుస్తకమే ఎక్కువ తిరుగుతోందని నోటుబుక్కు చెప్తోంది మరి.

అన్నీ తేల్చేసే ముగింపు నాకు నచ్చదు. "అంతా కల", "అంతా మానసిక వ్యాధి" అని ఆఖరి రెండు పేజీల్లో డాక్టరు చేత చెప్పించడం మరీ దారుణం. అలాగని ఏమీ తేల్చకపోవడం కూడా కొందరికి సాకైపోయింది. మనుషుల సంగతి తేలాలి: ఆ భార్య ఏమైంది, ఆ మొగుడు ఎలాంటివాడు. దయ్యం సంగతి తేలకపోయినా ఫర్వాలేదు.

నేను దయ్యాల్ని నమ్మను. నాకేం ఉంటుంది ఇందులో?

నమ్మేవాళ్ళకన్నా మీకే ఎక్కువ ఉంటుంది. నమ్మేవాళ్ళు తాయత్తు కట్టుకుని పడుకుంటారు.

మా వరంగల్ మీద హారర్ నవల రాస్తే కోటలోనే పెట్టాలా?

వద్దండీ. ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాల మధ్య దయ్యాన్ని పెడితే అది టికెట్టు కొనుక్కుని, సెల్ఫీలు దిగేవాళ్ళని తప్పించుకుంటూ తిరగాలి. ఆ రాళ్ళు అందమైనవి, గంభీరమైనవి. భయం నాకు అక్కడ దొరకదు.

జగిత్యాల, నిర్మల్ వైపు ఏ ఊరికైనా వెళ్ళండి. గల్ఫ్ పైసలతో కట్టిన రెండంతస్తుల స్లాబు ఇల్లు కనపడుతుంది. ముందు గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు. లోపల ఉండేది ఒక్క ముసలి తల్లి. కొడుకు దుబాయ్‌లో, కోడలు పిల్లల చదువుకని కరీంనగర్‌లో. ఏడు గదుల్లో ఆమె వాడేది వంటర్ర, దాని పక్కన చాప వేసుకునేంత జాగా. పైగదికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కొడుకు దగ్గర. వారానికి ఒకసారి వీడియో కాల్. ఒక వారం కాల్‌లో కొడుకు "అమ్మా, నీ ఎనక మెట్ల మీద ఎవలు కూసున్నరే?" అంటాడు. ఇలా మొదలయ్యే నవల ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేను కొంటాను. నలభై ఏళ్ళుగా ఉత్తర తెలంగాణ కట్టుకున్న ఇళ్ళు అవి. కట్టుకున్నవాళ్ళు వాటిలో ఉండటం లేదు.

గోదావరిఖని వైపు బొగ్గు గనిని బాయి అంటారు. "బాయిల దిగిండు" అంటే డ్యూటీకి పోయాడని. నైట్ షిఫ్టులో నెత్తిమీది దీపం ఎటు తిప్పితే అటే లోకం, మిగతాదంతా బొగ్గు. ప్రమాదంలో పోయిన మనిషి పేరు ఆ చోట ఎవరూ ఎత్తరని మా చిన్నాన్న చెప్పేవాడు. ఆయన అంతకన్నా ఏమీ చెప్పేవాడు కాదు, అన్నం కంచం వైపు చూస్తూ ఊరుకునేవాడు. ఇంకా మిడ్ మానేరు డ్యామ్ కింద మునిగిన ఊళ్ళున్నాయి. నీళ్ళ అడుగున ఎవరి వాకిలి ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

అమ్మవారు పూనడం, శిగమూగడం కూడా హారర్ కిందికి వస్తాయా?

రావు. మేడారం జాతరలోనో, ఐనవోలు, కొమురవెల్లిలోనో శివసత్తులు అనే భక్తురాళ్ళు పూనకంతో ఊగుతుంటే డప్పు దగ్గర నిలబడ్డవాళ్ళని చూడండి. ఒక్కరూ భయపడరు. పిల్లల్ని ముందుకి తోసి బొట్టు పెట్టించుకుంటారు, పెళ్ళి సంగతి, పంట సంగతి అడుగుతారు. దాన్ని కెమెరా వంకరగా పెట్టి భయానకంగా చూపించేవాళ్ళు ఆ గుంపులో ఎప్పుడూ నిలబడనివాళ్ళు.

మన వాడుకలోని క్రియలే ఈ తేడా చెప్తాయి. అమ్మవారు ఒంటి మీదికి వస్తది. దయ్యం పట్టుతది. గాలి సోకుతది. దిష్టి తగుల్తది. వచ్చేది దేవత గనక మర్యాద. పట్టేది దయ్యం గనక పెనుగులాట. సోకడం, తగలడం ఎవరూ కావాలని చేసేవి కావు, దారిలో తగిలే ముళ్ళకంపలాంటివి. ఈ వరసలో ఒక్క బాణామతి, అంటే చేతబడి, మాత్రం రాదు, పట్టదు, సోకదు. బాణామతి *చేస్తరు*.

హారర్ నవలలు మూఢనమ్మకాల్ని పెంచవా?

"చేస్తరు" అన్నప్పుడు ఆ వాక్యానికి కర్త కావాలి. దయ్యానికి ఊళ్ళో ఇల్లుండదు. బాణామతి చేసేవాళ్ళకి ఇల్లుంటుంది, పేరుంటుంది, రేషన్ కార్డుంటుంది. ఒకరికి జ్వరం తగ్గదు, మందులు పనిచెయ్యవు, మంత్రగాడి దగ్గరికి పోతారు. ఆయన పేరు చెప్పడు, "మీ ఇంటికి తూర్పున" అంటాడు. తూర్పున ఒంటరి ముసలామె ఉంటుంది, లేదా పొలం గట్టు తగాదా ఉన్న పాలివాడు ఉంటాడు. అనుమానంతో కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల పేజీల్లో చదువుతూనే ఉన్నాం. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. ఇక్కడ జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు, పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి చెప్తూనే ఉన్నారు.

నా ఎనిమిదో ఏట అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బాణామతి చేస్తుందని పేరుపడ్డ ఒకామె ఉండేది. ఆమె ఇంటి ముందునుంచి పోవాల్సి వస్తే అమ్మమ్మ చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి తీసుకుపోయేది. ఒకరోజు నేను ఒక్కదాన్నే పోతుంటే ఆమె పిలిచి జామకాయ ఇచ్చింది. దోర కాయ, కొంగుతో తుడిచి ఇచ్చింది. సగం తిని ఇంటికొచ్చాను. అమ్మమ్మ నా చేతిలోది లాగి గోడ అవతలికి విసిరేసి, గొంతులో వేళ్ళు పెట్టి కక్కించింది. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. రాత్రంతా నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడుస్తూ. నేను కళ్ళు మూసుకుంటే ఆ ముసలామె కనపడేది. ఇప్పుడూ కనపడుతుంది, కాకపోతే ఇప్పుడు ఆమె వాకిట్లో నిలబడి, మా అమ్మమ్మ గోడ అవతలికి విసిరిన జామకాయని చూస్తూ ఉంటుంది.

కాబట్టి నవలని నేను ఒక్కటే అడుగుతాను. ఊరు ఎవరి మీద వేలు చూపిందో ఆమె చివరికి నిజంగానే మంత్రగత్తె అని తేల్చావా? తేలిస్తే నువ్వు ఎంత బాగా భయపెట్టినా ఆ ఊరి గుంపులో నిలబడ్డట్టే. రంగనాయకమ్మ కోపంలో నాకు కనపడిన నిజం ఇది. ఆమె దయ్యం కథలే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ జామకాయ రాత్రి మా ఇంట్లో ఉన్న భయాన్ని లోపలినుంచి చూపించాలంటే హారర్ నవల తప్ప ఇంకో దారి నాకు కనపడలేదు. అమ్మమ్మ దుర్మార్గురాలు కాదు. ఆమె చేతులు నిజంగా వణికాయి. ఆ వణుకు నిజమని, దానికి కారణం అబద్ధమని, రెండూ ఒకే పేజీలో చెప్పగలిగేది ఈ రకం కథే.

దయ్యాలన్నీ ఆడవాళ్ళేనా?

తెల్లచీర, విరబోసిన జుట్టు. అవును, విసుగొస్తుంది. మా షాపులో వీటిని ఎక్కువగా తీసుకెళ్ళింది కూడా ఆడవాళ్ళే. బతికుండగా ఎదురుచెప్పలేని కోడలు చచ్చాక అత్తింటి తలుపులు బద్దలు కొడుతుంటే వాళ్ళు ఎవరి పక్షాన చదివారో నేను చూశాను. ఒకామె పుస్తకం బల్లమీద పెడుతూ "మంచిగ చేసింది" అంది. భయపడ్డ మొహం కాదది.

చదివి పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టైంది. లేవలేకపోయాను. ఇది పుస్తకం వల్లేనా?

కలలు వచ్చే నిద్రలో మెదడు కండరాల్ని వదులు చేసి కట్టేస్తుంది, కలలో పరిగెడితే మంచం మీంచి పడకుండా. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి ఆ కట్టు ఆలస్యంగా విడుతుంది. కళ్ళు తెరిచి ఉంటాయి, ఒళ్ళు కదలదు, గదిలో ఎవరో ఉన్నట్టు బలంగా అనిపిస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు. నిద్ర తక్కువైనవాళ్ళకి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఎక్కువ. పుస్తకం తప్పు ఏదైనా ఉంటే రాత్రి మూడింటిదాకా మేలుకోబెట్టడమే. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకి చూపించుకోండి, మంత్రగాడికి కాదు.

పిల్లలకి ఏ వయసులో ఇవ్వొచ్చు?

ఇవ్వకండి. కనపడే చోట పెట్టి, చదవొద్దని చెప్పండి.

అర్ధరాత్రి చదువుతూ భయమేస్తే ఏం చెయ్యాలి?

నాకు తెలిసిన ఉపాయం ఒకటే, వేలు పెట్టిన పేజీ నంబర్ చూసుకోవడం. నూట నలభై రెండో, నూట నలభై మూడో. అంకె చదవగానే అది మళ్ళీ కాగితం అయిపోతుంది. కాసేపే.

బాత్రూమ్‌కి పోవాల్సి వస్తే మాత్రం ఏ ఉపాయమూ లేదు. మా ఇంట్లో వరండా లైటు స్విచ్ అటు చివర ఉంది, మా గది తలుపునుంచి ఏడు అడుగులు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇటువైపుకి మార్పిద్దామని పదిహేనేళ్ళుగా అనుకుంటున్నాను. పొద్దున లేస్తే గుర్తుండదు.